ఆమె చెవులతో విన్నాక

ప్రియమైన పాఠక మిత్రులకు,

మీ వైపు వానలు మొదలయ్యాయా? ఇక్కడ రెండు మంచి జల్లులు పడి, మళ్లీ ఉక్కపోస్తోంది. పోయిన ఉత్తరానికి మీరు రాసిన జవాబులన్నీ ఒకటికి రెండుసార్లు చదువుకున్నాను. ఒక్కొక్కరికీ విడిగా రాయలేకపోయినా, మీ ప్రతి మాటా నాకు అందిందని నమ్మండి. మోకాళ్ల నొప్పులని రాసిన పెద్దవాళ్లు కాస్త తేరుకున్నారా? పరీక్షలు రాసిన పిల్లల ఫలితాలు వచ్చాయా? తీరిక చేసుకుని రాయండి.

ఈసారి మీతో వీడియో గేముల గురించి మాట్లాడాలని ఉంది. వీడియో గేములా అని మీలో కొందరు ఆశ్చర్యపోతారని తెలుసు. తుపాకుల మోత, కార్ల పందేలు, పిల్లల నిద్ర పాడుచేసే వ్యవహారం అనే కదా మనకు తెలిసింది. వాటిలో కథ చెప్పేవి వేరే ఉన్నాయి. నవల చదివినన్ని రోజులు పడుతుంది ఒక్కోదానికి. పాత్రలుంటాయి, వాటికి గతం ఉంటుంది, తప్పొప్పులుంటాయి. తేడా ఒక్కటే. నవలలో నాయిక నడుస్తుంటే మనం చూస్తాం. ఇక్కడ ఆమెను నడిపించాల్సింది మనమే. మన వేలు కదలకపోతే ఆమె అడుగు పడదు.

నా చేత వీటిని ఆడించింది మా చెల్లెలి కొడుకు. సెలవులకు వచ్చినప్పుడు వాడు ఒక ఆట పెట్టి, కంట్రోలర్ నా చేతికిచ్చి, "పెద్దమ్మా, హెడ్‌ఫోన్లు పెట్టుకునే ఆడు. లేకపోతే నీకు సగమే తెలుస్తుంది" అన్నాడు. ఆ ఆట గురించీ, దాని తర్వాత నేను వెతుక్కుని ఆడిన, చూసిన మరికొన్నిటి గురించీ మీకు చెప్పాలి. వైకల్యం ఉన్న మనుషుల్ని ఈ కథలు ఎలా చూపిస్తున్నాయన్నది నా మనసులో బాగా నాటుకుపోయింది.

మీకు గుర్తుండే ఉంటుంది, కొంతకాలం కిందట చక్రాల కుర్చీలో ఉండే మన పాఠకురాలు ఒకరు రాసిన ఉత్తరం గురించి మీతో చెప్పాను. కథల్లో, సినిమాల్లో తనలాంటివాళ్లను చూసేవాళ్లకు కన్నీళ్లు తెప్పించడానికో, చివర్లో లేచి నడిచి చప్పట్లు కొట్టించడానికో పిలుస్తారని ఆమె బాధ. ఆ మాట నన్ను వదల్లేదు. ఈ ఆటలు ఆడుతున్నంతసేపూ ఆమె నా పక్కన కూర్చుని చూస్తున్నట్టే అనిపించింది.

మొదటి ఆట పేరు 'హెల్‌బ్లేడ్: సెనువాస్ శాక్రిఫైస్'. ఇంగ్లండులో కేంబ్రిడ్జిలో ఉన్న నింజా థియరీ అనే సంస్థ 2017 ఆగస్టులో విడుదల చేసింది. పెద్ద ఆటలకు వందల మంది పనిచేస్తారు. దీనికి పనిచేసింది ఇరవై మందికి కాస్త అటూ ఇటూ. కథ ఎనిమిదో శతాబ్దం చివరిది. సెనువా స్కాట్లాండుకు ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ దీవుల అమ్మాయి, పిక్టులు అనే ప్రాచీన తెగకు చెందిన యోధురాలు. వైకింగులు ఓడల మీద వచ్చి ఊళ్ల మీద పడుతున్న రోజులవి. ఆమె ప్రేమించిన డిలియన్‌ను వాళ్లు బలి ఇచ్చేశారు. అతని తలను గుడ్డలో చుట్టి నడుముకు కట్టుకుని, అతని ఆత్మను విడిపించుకోవడానికి ఆ వైకింగులు నమ్మే మృత్యులోకం హెల్‌హైమ్‌కు ఆమె ఒంటరిగా బయలుదేరుతుంది.

ఒంటరిగా అన్నాను గానీ, సెనువా ఏ క్షణమూ ఒంటరిగా ఉండదు. ఆమెకు సైకోసిస్ ఉంది. ఎవరికీ వినపడని గొంతులు ఆమెకు వినపడతాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే అవి నాకూ వినపడటం మొదలైంది. ఒకటి ఎడమ చెవి పక్కనే గుసగుసగా, ఇంకొకటి వెనక నుంచి ఎగతాళిగా, మరొకటి దూరంగా భయంభయంగా. వెనక్కి పొమ్మంటుంది ఒకటి. నీ వల్ల కాదంటుంది ఇంకొకటి. పోనీ ప్రయత్నించనివ్వండని మూడోది బతిమాలుతుంది. బుర్రకథలో కథకుడికి ఇరుపక్కలా వంతలు నిలబడి, ఒకరు వెక్కిరిస్తూ ఒకరు సర్దిచెబుతూ ఉంటారు చూడండి, అలా. కాకపోతే ఈ కథకురాలికి వాళ్లను కాసేపు ఊరుకోమనే వీలు లేదు. మనిషి రెండు చెవులంత ఎడంలో అమర్చిన మైకుల చుట్టూ నటీమణులు తిరుగుతూ ఆ మాటలు పలికారట. అందుకే అవి స్పీకర్లోంచి వస్తున్నట్టుండవు, మన తల చుట్టూ తిరుగుతున్నట్టుంటాయి.

ఇక్కడ ఒక సంగతి మీకు దగ్గరగా చూపించాలి. మామూలుగా ఇలాంటి ఆటల్లో ప్రాణం ఎంత మిగిలిందో చెప్పే గీతలు, అంకెలు తెర మీద ఉంటాయి. ఇందులో అవేవీ లేవు. సెనువా ఇద్దరు ముగ్గురు శత్రువుల మధ్య చిక్కుకున్నప్పుడు వెనక నుంచి ఎవరైనా కత్తి ఎత్తితే నాకు కనపడదు. ఇంతసేపూ ఆమెను ఎగతాళి చేసిన గొంతులే ఆ క్షణాన వెనక చూడమని అరుస్తాయి. నేను బటన్ నొక్కుతాను, ఆమె పక్కకు దూకుతుంది, ప్రాణం దక్కుతుంది. మొదటిసారి అలా జరిగినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఆ గొంతులు ఆమెను పీడిస్తాయి, అవే ఆమెను కాపాడతాయి. అవి ఆమె జీవితంలో భాగం. ఈ ఒక్క సంగతి ఏ ఉపన్యాసం చెప్పినా నాకు అంతగా ఎక్కేది కాదు.

ఇంకొకటి. దారిలో మూసుకున్న తలుపుల మీద ఒక గుర్తు ఉంటుంది. తలుపు తెరుచుకోవాలంటే అదే ఆకారాన్ని చుట్టుపక్కల వెతికి పట్టుకోవాలి. రెండు విరిగిన దూలాలు, వాటి వెనక ఒక చెట్టు కొమ్మ. సరిగ్గా ఒకచోట నిలబడి చూస్తే మూడూ కలిసి ఆ గుర్తు అవుతాయి. కాసేపు ఆడాక నాకు ఎక్కడ చూసినా గుర్తులే కనపడటం మొదలైంది. నీడల్లో, కంచె కర్రల్లో, మంటల్లో. సంబంధం లేని వాటి మధ్య సంబంధం కనపడటం, ప్రతిదానిలోనూ తనకోసం ఏదో రాసి ఉందనిపించడం సైకోసిస్ ఉన్న చాలామందికి కలిగే అనుభవం. దాన్ని వ్యాధి లక్షణమని చెప్పి ఊరుకోకుండా, సెనువా దారి తెరిచే పనితనంగా మార్చి నా చేత చేయించారు.

మా మేనత్త ఒకావిడ ఉండేది. మీతో ఇంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. పెరట్లో పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉన్నట్టుండి చేతులు ఆపేది. తల కాస్త ఎడమకు వంచి, ఎవరో చెబుతున్నది పూర్తయ్యేదాకా విని, 'సరేలే' అని మళ్లీ ఒలుచుకునేది. ఒక్క కాయ కూడా ఈనె తీయకుండా గిన్నెలో పడేది కాదు. ఊళ్లో కొందరు గాలి సోకిందన్నారు, తాయెత్తులు కట్టారు. ఇంటికి కొత్తవాళ్లు వస్తే ఆమెను వెనక గదిలో కూర్చోమనేవారు. ఆమె ఏం వింటున్నదో అడిగినవాళ్లు మాత్రం నాకు గుర్తులేరు. ఆ ఆటలో సెనువా నడుస్తూ నడుస్తూ ఆగి, తల వంచి విన్నప్పుడు నాకు మా అత్తయ్య మెడ కనిపించింది. చిన్నప్పటి నుంచి బయటి నుంచి చూసినదాన్ని లోపలి నుంచి వినడం అంటే ఏమిటో నాకు ఆ రాత్రి తెలిసింది.

సెనువా కథలోనూ ఊరివాళ్లది ఇదే తీరు. తల్లి గాలెనాకు కూడా ఇదే స్థితి, ఆమెను సజీవంగా కాల్చేశారు. తండ్రి జిన్‌బెల్ కూతురిది శాపమని నమ్మి ఆమెను లోకానికి దూరంగా ఉంచి పెంచాడు. ఆట ముందుకు సాగేకొద్దీ ఒక విషయం తేటపడుతుంది. ఆమెను ఎక్కువ నలిపేసింది ఆమె మనసు వినిపించే గొంతులు కావు. ఆ గొంతులు ఆమెలో ఉన్న పాపమని పదేపదే చెప్పిన తండ్రి మాట. చివర ఏమవుతుందో పూర్తిగా చెప్పి మీ ఆనందం పాడుచేయను. ఆమెకు 'నయమైపోవడం' మాత్రం జరగదు. గొంతులు ఉంటాయి, వాటితో ఆమె బతికే తీరు మారుతుంది. మన పాఠకురాలు చూసి ఉంటే ఇక్కడ తల ఊపేదని నా నమ్మకం.

మానసిక వ్యాధిని వైకల్యం అనొచ్చా అని మీరు అడగవచ్చు. మన దేశంలో 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మానసిక వ్యాధి వాటిలో ఒకటి. చక్రాల కుర్చీ కంటికి కనపడుతుంది కాబట్టి మనకు చప్పున తడుతుంది. కంటికి కనపడనివి కూడా అంతే నిజం.

ఇంత నిజంగా ఎలా కుదిరిందని నాకు ఆసక్తి పుట్టింది. వెతికితే జవాబు చాలా సాదాగా ఉంది. వాళ్లు వెళ్లి అడిగారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో మానసిక వైద్యుడు, ఆచార్యుడు పాల్ ఫ్లెచర్ మొదటి నుంచీ వాళ్లతో పనిచేశారు. ఆరోగ్య పరిశోధనకు డబ్బిచ్చే వెల్‌కమ్ ట్రస్ట్ సాయం చేసింది. వీటన్నిటికంటే ముఖ్యం, సైకోసిస్‌ను స్వయంగా అనుభవించినవాళ్లు తయారవుతున్న ఆటను చూసి, ఇది ఇలా ఉండదు, ఇది సరిగ్గా ఇలాగే ఉంటుందని చెబుతూ వచ్చారు. ఆట మొదట్లో తెర మీద పడే పేర్లలోనే మానసిక ఆరోగ్య సలహాదారు పేరు ఉంటుంది. సెనువాగా నటించిన మెలీనా యూర్గెన్స్ అంతకుముందు నటి కాదు. ఆ సంస్థలోనే వీడియోలు ఎడిట్ చేసే ఉద్యోగి. అసలు నటి దొరికేదాకా నిలబడమంటే నిలబడి, ఆ పాత్ర తానే అయిపోయింది. 2018లో ఈ ఆటకు అయిదు బాఫ్టా అవార్డులు వచ్చాయి, వాటిలో ఒకటి ఆమె నటనకు.

ఈ ఆట మీద అందరిదీ ఒకే మాట అనుకోకండి. తమ అనుభవాన్ని మొదటిసారి ఎవరో సరిగ్గా చూపించారని కొందరు ఊరట పడ్డారు. ఇది మరీ చీకటిగా ఉంది, సైకోసిస్ అంటే ఎప్పుడూ ఇంత భయం ఉండదని ఇంకొందరు అన్నారు. ఆ రెండో మాటకూ నేను విలువిస్తాను. ఒక్క పాత్ర మీద ఒక సమూహం బరువంతా వేయలేం. ఎన్నో పాత్రలు రావాలి. అలా వచ్చిన మరికొన్నిటిని కూడా మీకు పరిచయం చేస్తాను.

కెనడాలోని బయోవేర్ సంస్థ 2007లో తెచ్చిన 'మాస్ ఎఫెక్ట్' అంతరిక్షంలో జరిగే కథ. అందులో నార్మండీ అనే నౌకను నడిపే పైలట్‌ను అందరూ జోకర్ అంటారు. అతనికి పుట్టుకతోనే ఎముకలు పెళుసు. గట్టిగా అడుగేస్తే కాలు విరుగుతుంది. మాట మాత్రం పదును. తన ఉద్యోగం జాలితో వచ్చింది కాదని, ఆ నౌకాదళంలో తనకంటే బాగా నడిపేవాడు లేడని మొదటి పరిచయంలోనే నాయకుడి ముఖం మీద చెప్పేస్తాడు. అతను చతురుడు, కాస్త పొగరుబోతు, పనిలో ఆరితేరినవాడు. అతని ఎముకల సంగతి ఆ తర్వాతే.

2010లో వచ్చిన రెండో భాగంలో ఒక ఘట్టం ఉంది. కమాండర్ లేని సమయంలో శత్రువులు నౌకలోకి చొరబడి సిబ్బందిని ఎత్తుకుపోతుంటారు. మిగిలింది జోకర్. అంతవరకూ మనం కమాండర్ షెపర్డ్‌గా పరుగెత్తాం, దూకాం, కాల్చాం. ఇప్పుడు జోకర్ మన చేతిలో ఉంటాడు. బటన్ ఎంత నొక్కినా పరుగు రాదు. కుంటుతూ, గోడ వారగా, మెల్లగా వెళ్లాలి. కళ్లముందే తోటివాళ్లను ఈడ్చుకుపోతుంటే అదే వేగంతో నడవాలి. నా బొటనవేలు కంట్రోలర్ మీద తెల్లబడేంత గట్టిగా నొక్కాను. అయినా అతని వేగం అతనిదే. ఆ వేగంతోనే అతను నౌకను కాపాడతాడు. కాళ్లు బాగుపడవు, మహిమలేవీ రావు. చేయాల్సిన పని మాత్రం ముగుస్తుంది. జాలిపడాలంటే కాస్త దూరంగా నిలబడాలి. ఆట మనకు ఆ దూరం మిగల్చదు.

చూపులేనివారి గురించి ఏమీ లేదా అని అడుగుతారేమో. ఉంది, అదీ కెనడా నుంచే. ఫాలింగ్ స్క్విరెల్ అనే చిన్న సంస్థ 2021లో 'ది వేల్: షాడో ఆఫ్ ది క్రౌన్' తెచ్చింది. నాయిక అలెక్స్, రాజకుటుంబంలో పుట్టిన అంధురాలు. అన్న గద్దె ఎక్కి ఆమెను రాజ్యం అంచున ఉన్న కోటకు పంపిస్తాడు. దారిలో దాడి జరుగుతుంది, వెంట వచ్చినవాళ్లు పోతారు. ఒక గొర్రెల కాపరి తోడుగా ఆమె ఇంటి దారి పట్టాలి. ఈ ఆటలో తెర దాదాపు నల్లగా ఉంటుంది, అక్కడక్కడ తేలే కొన్ని వెలుగు చుక్కలు తప్ప. అంతా చెవుల మీదే. కుడి పక్కన గులకరాళ్లు నలిగిన చప్పుడు వస్తే శత్రువు కుడివైపు ఉన్నాడు. ఊపిరి బిగబట్టి కత్తి ఎత్తిన అలికిడి వినగానే డాలు అటు తిప్పాలి. బజారులోకి వెళ్తే కమ్మరి సుత్తి చప్పుడును బట్టి అతని కొట్టు ఎటుందో తెలుసుకోవాలి. కెనడాలో అంధుల కోసం పనిచేసే జాతీయ సంస్థ సలహాలు ఈ తయారీకి తోడయ్యాయి.

మా చెల్లెలి కొడుకు మొదట్లో తెర వైపే చూస్తూ ఆడబోయి విసిగిపోయాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు, ఆట సాగింది. నన్ను ఎక్కువగా కదిలించింది ఏమిటంటే, చూపు ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఈ ఆటను సమానంగా ఆడతారు. అంధుడైన ఆటగాడు ఇందులో వెనకబడడు, ఒక్కోసారి అతనే ముందుంటాడు. అలెక్స్‌కు దివ్యదృష్టి లాంటిదేమీ లేదు. నేర్చుకున్న విద్య ఉంది, భయం ఉంది, అన్న మీద కోపం ఉంది.

ఇక హేలీ కూపర్. 2020 నవంబరులో వచ్చిన 'స్పైడర్‌మ్యాన్: మైల్స్ మొరాలెస్' మీ ఇంట్లో పిల్లలు ఆడే ఉంటారు, అడిగి చూడండి. న్యూయార్కులోని హార్లెమ్ పేటలో గోడల మీద బొమ్మలు వేసే చిత్రకారిణి హేలీ. ఆమెకు వినపడదు. మైల్స్ ఆమెతో అమెరికన్ సంజ్ఞల భాషలో మాట్లాడతాడు. ఆ పాత్ర వేసిన నటాషా ఓఫిలీకి నిజంగానే వినికిడి లేదు. అందుకే ఆ చేతుల కదలికలో, దానికి తగ్గట్టు కనుబొమలు లేవడంలో ఎక్కడా అరువు తెచ్చుకున్నట్టు ఉండదు. మైల్స్ సైగలు చేస్తున్నాడని కథ చప్పట్లు కొట్టదు. పేట కుర్రాడికి తన స్నేహితురాలి భాష వచ్చు, అంతే. 2023లో వచ్చిన తర్వాతి ఆటలో కాసేపు మనమే హేలీగా వీధుల్లో తిరుగుతాం. లోకపు రొద అంతా సన్నగిల్లిపోతుంది. ఆమె తన దారిన తాను ఒక తగువు తీర్చి వస్తుంది.

చేదు ఉదాహరణలు లేవా అంటే ఉన్నాయి. మానసిక చికిత్సాలయాన్ని భూతాల కొంపగా, అక్కడి రోగుల్ని వెంటపడి చంపే రాక్షసులుగా చూపే ఆటలు ఎన్నో. 2013 నాటి 'అవుట్‌లాస్ట్' బాగా పేరున్నది. దాన్ని ఆడిన పిల్లవాడు రేపు నిజంగా అలాంటి ఆసుపత్రి గేటు ముందు నిలబడితే ఏం గుర్తొస్తుంది?

'లైఫ్ ఈజ్ స్ట్రేంజ్' సంగతి ఇంకా చిక్కు. 2015లో ఫ్రాన్సు నుంచి వచ్చిన చక్కని కథ అది, స్నేహం గురించి ఎంతో ప్రేమగా చెబుతుంది. అందులో మ్యాక్స్ అనే అమ్మాయి కాలాన్ని వెనక్కి తిప్పగలదు. ఒకసారి అలా తిప్పినప్పుడు ఆమె నేస్తం క్లోయీ కారు ప్రమాదంలో మెడ కింద చచ్చుబడి మంచం పట్టిన లోకం ఎదురవుతుంది. క్లోయీ తనకు మరణం ప్రసాదించమని అడుగుతుంది. ఒప్పుకోవాలా వద్దా అన్నది మన చేతిలో ఉంటుంది. మనం ఏది ఎంచుకున్నా మ్యాక్స్ వెనక్కి వెళ్లి ఆ లోకాన్నే చెరిపేస్తుంది. రాసినవాళ్లకు చెడు ఉద్దేశం లేదు, ఆ ఘట్టంలో మమకారం నిండుగా ఉంది. అయినా ఆ ఒక్క క్లోయీకి రేపన్నది లేకుండా పోయింది. ఆమె ఏ పాటలు వింటుంది, ఎవరితో గొడవపడుతుంది, ఏ కాలేజీకి వెళ్తుంది అనేవి ఎవరికీ పట్టలేదు. అలాగే మంచంలో ఉండి, చదువుకుని, ఉద్యోగాలు చేసుకుంటూ బతుకుతున్నవాళ్లు ఆ ఘట్టాన్ని ఆడితే వాళ్ల గుండె ఎలా ఉంటుందో ఆలోచించండి. మంచి మనసు ఒక్కటే సరిపోదనడానికి నాకు ఇంతకంటే నిదర్శనం దొరకలేదు. అడగాలి, విని రాయాలి.

మన సినిమాల మాటేమిటని మీలో సినిమా అభిమానులు ఎదురు ప్రశ్న వేస్తారని తెలుసు. 1986లో విశ్వనాథ్ గారి 'సిరివెన్నెల' చూపులేని వేణుగాన విద్వాంసుణ్ని, మాటలు రాని చిత్రకారిణిని కళాకారులుగా నిలబెట్టింది. 2018లో 'రంగస్థలం' చిట్టిబాబుకు వినికిడి తక్కువ. అతను ప్రేమిస్తాడు, పోట్లాడతాడు, మొండికేస్తాడు. అతన్ని చూసి మనం అయ్యో అనుకోము. ఇవి మనకు ఉన్న మంచి దారులు. సినిమా చేయలేనిది ఆట చేయగలదని మాత్రం నాకు అనిపించింది. చిట్టిబాబుకు వినపడనిది హాల్లో కూర్చున్న మనకు వినపడుతూనే ఉంటుంది. సెనువాకు వినపడేదే నాకు వినపడింది, అలెక్స్‌కు కనపడనిది నాకూ కనపడలేదు.

అయితే కాసేపు ఆడినంత మాత్రాన వాళ్ల జీవితం తెలిసిపోతుందా అని మీరు నిలదీస్తే, తెలిసిపోదనే చెబుతాను. నా హెడ్‌ఫోన్లు తీస్తే గొంతులు ఆగిపోతాయి. మా అత్తయ్యకు ఆ వీలు ఉండేది కాదు. ఆట నేర్పేది ఒక జీవితమంతా కాదు, అడగడం నేర్పుతుంది. ఇప్పుడు ఎవరైనా అలా తల వంచి వింటుంటే నేను చూపు తిప్పుకోను. ఏం చెబుతున్నారని మెల్లగా అడగగలను.

మర్యాదగా చూపించడంలో ఇంకో సగం కూడా ఉంది. కథలో చక్రాల కుర్చీ పెట్టి, ఆ ఆటను చేతులు సరిగ్గా కదలనివాళ్లు ఆడలేకుండా చేస్తే ఆ గౌరవం ఎవరికి? 2020లో వచ్చిన 'ది లాస్ట్ ఆఫ్ అస్' రెండో భాగంలో ఇందుకోసం 60కి పైగా సదుపాయాలు పెట్టారు. తెర మీది అక్షరాలను చదివి వినిపించడం, దారిని శబ్దాలతో చూపించడం, మనుషుల్నీ వస్తువుల్నీ ముదురు రంగుల్లో విడదీసి చూపడం, బటన్లన్నీ వీలైన చోటికి మార్చుకోవడం. చూపు అసలే లేనివాళ్లు ఆ పెద్ద ఆటను ఎవరి సాయమూ లేకుండా పూర్తిచేశారు. 2018లో మైక్రోసాఫ్ట్ పెద్ద పెద్ద మీటలతో ఒక కంట్రోలర్ తెచ్చింది. పాదంతోనో మోచేత్తోనో నొక్కేలా వేరే స్విచ్‌లు కూడా దానికి తగిలించుకోవచ్చు. ఒకవైపు కథలో చోటు, మరోవైపు ఆటలో చోటు. రెండూ ఉంటేనే తలుపు పూర్తిగా తెరిచినట్టు.

మన హైదరాబాదులో ఇలాంటి ఆటలకు బొమ్మలు వేసే, ప్రోగ్రాములు రాసే పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లలో కొందరు ఈ ఉత్తరాలు చదువుతారని నాకు తెలుసు. మీకు నాదొక కోరిక. ఏదో ఒక రోజు మీరు మన భాషలో, మన ఊరి కథతో ఒక ఆట చేస్తారు. అందులో పోలియో వచ్చిన మేష్టారో, వినపడని టైలరో, మా అత్తయ్యలాంటి మనిషో ఉంటే, ఆ పాత్ర మొదటి గీత గీయకముందే అలాంటివాళ్ల ఇంటికి వెళ్లి కూర్చోండి. వాళ్లకు ఏం నచ్చుతుందో, దేనికి నవ్వుతారో, ఎవరిమీద కోపమో కనుక్కోండి. పూర్తయ్యాక మొదట వాళ్ల చేతికే ఇచ్చి ఆడించండి. వాళ్ల పేరు మొదటి తెర మీదే వేయండి.

మిగతా అందరికీ కూడా ఒక పని అప్పగిస్తున్నాను. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి ఆట ఆడుతుంటే ఈసారి పక్కన కూర్చుని కథ చెప్పించుకోండి. వైకల్యంతో జీవిస్తున్న మన పాఠకులు మాత్రం నాకు తప్పకుండా రాయాలి. కథలోగానీ, సినిమాలోగానీ, ఆటలోగానీ ఏ పాత్రను చూసి ఇది నేనే అనుకున్నారు? ఏ పాత్రను చూసి లేచి వెళ్లిపోవాలనిపించింది? ఎందుకో వివరంగా రాయండి. మీరు ఒప్పుకుంటే వచ్చే ఉత్తరంలో నా మాటలు తగ్గించి మీ మాటలే అందరికీ వినిపిస్తాను.

ఆరోగ్యం జాగ్రత్త. ఇంట్లో పెద్దలకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

ఎప్పటిలాగే,
మీ నేస్తం